సోమవారం ఉదయపు కడుపునొప్పి

ఓపీకి వచ్చే పిల్లల్లో కొందరి ఫైలు వాళ్ల స్కూలు బ్యాగంత బరువుంటుంది. స్కాన్, రక్త పరీక్ష, మూత్ర పరీక్ష, ముగ్గురు డాక్టర్ల చీటీలు. నులిపురుగుల మందు వేశారు. గ్యాస్ సిరప్ తాగించారు. దిష్టి కూడా తీశారు. రిపోర్టులన్నీ నార్మల్. కడుపునొప్పి మాత్రం తగ్గలేదు. అలాంటప్పుడు డాక్టరు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘ఏయే రోజుల్లో వస్తోంది?’ అమ్మ కాస్త ఆలోచించి చెబుతుంది. ‘ఆదివారం సాయంత్రం మొదలవుతుందండీ. సోమవారం పొద్దున మరీ ఎక్కువ. దసరా సెలవుల్లో ఒక్కరోజు కూడా రాలేదు.’

సెలవుల్లో రాని నొప్పికి కారణం బడిలో వెతకాలి. అది పరీక్షల భయం కావచ్చు, మాస్టారి బెత్తం కావచ్చు, అర్థంకాని పాఠం కావచ్చు. తోటి పిల్లల వేధింపు కూడా కావచ్చు. మొదటి మూడింటి గురించి ఇంట్లో ఎంతోకొంత మాట్లాడుకుంటాం. నాలుగోదాన్ని పిల్లలు చెప్పరు, పెద్దలు అడగరు. ఒకవేళ చెప్పినా ‘పిల్లలన్నాక మామూలే’ అనేస్తాం. పిల్లలు ధైర్యంగా చెప్పాలని అందరం కోరుకుంటాం. చెబితే మేలు జరుగుతుందన్న నమ్మకం వాళ్లకు కలిగించాల్సింది మాత్రం మనమే. ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది ఆ నమ్మకం గురించే.

‘ఏడిపించడం’తో వచ్చిన చిక్కు

‘వాడు నన్ను ఏడిపిస్తున్నాడమ్మా’ అని పిల్లాడు అంటే మన చెవికి అది సరదాగానే వినిపిస్తుంది. తాతయ్య మనవణ్ని ఏడిపిస్తాడు. బావ మరదల్ని ఏడిపిస్తాడు. తరగతిలో నలుగురు కలిసి ఒకణ్ని రోజూ కుళ్లబొడిచినా అదే మాట వాడతాం. ‘ఆటపట్టించడం’ అన్నా అంతే. పేరులోనే ఆట ఉంది కదా, అందులో తప్పేముంది అనుకుంటాం.

సరదాకీ వేధింపుకీ తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నార్వేకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ ఈ విషయంపై దశాబ్దాల పాటు పనిచేసి మూడు గుర్తులు చెప్పారు. కావాలని బాధపెట్టడం, అది మళ్లీ మళ్లీ జరగడం, బాధపడేవాడు ఎదురు నిలవలేని స్థితిలో ఉండటం. ఇద్దరు సమ ఉజ్జీలు క్రికెట్ దగ్గర కొట్టుకుంటే అది తగవు. సాయంత్రానికి మళ్లీ కలిసి ఆడుకుంటారు. ఆరుగురు కలిసి ఒకణ్ని ‘సోడాబుడ్డి’, ‘నత్తోడు’, ‘బండోడు’ అని ఏడాదంతా పిలిస్తే అది వేధింపు. వాడు ‘ఆపండ్రా’ అన్నాక కూడా ఆగిందా లేదా? నవ్వుతున్నది అందరూనా, లేక వాడు తప్ప మిగతావాళ్లేనా? ఈ రెండు ప్రశ్నలు చాలు, ఏది ఆటో ఏది కాదో తేలిపోతుంది.

కొట్టడం, తోయడం, టిఫిన్ బాక్సు లాక్కోవడం మాత్రమే వేధింపు కాదు. రంగును, కులాన్ని, నాన్న చేసే పనిని, మాట్లాడే యాసను ఎత్తిపొడవడం వేధింపే. అమ్మాయిల్లో ఎక్కువగా కనిపించేది వెలివేయడం. ‘దానితో ఎవరూ మాట్లాడొద్దు’ అని ఒకరు తీర్మానిస్తే, ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం ఒంటరిగా తింటుంది. ఒంటిపై దెబ్బ ఉండదు కాబట్టి ఎవరికీ కనిపించదు. ఇక ఫోన్ వచ్చాక బడి గంట కొట్టినా వేధింపు ఆగడం లేదు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫొటోను వెక్కిరింతగా మార్చి పెడితే అది రాత్రి పదకొండింటికి కూడా మంచం దాకా వస్తుంది.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి ఎదురయ్యే సంగతి అనుకోకండి. ప్రపంచవ్యాప్తంగా ముగ్గురు విద్యార్థుల్లో దాదాపు ఒకరు, గడిచిన నెల రోజుల్లో కనీసం ఒక్కసారైనా తోటి పిల్లల వేధింపునకు గురయ్యారని యునెస్కో 2019లో వెల్లడించింది. ఆ లెక్కన 40 మంది కూర్చునే తరగతిలో డజను మంది.

నొప్పి నిజమే, నటన కాదు

‘స్కూలు ఎగ్గొట్టడానికి నాటకాలు’ అనే మాట ఆస్పత్రిలో తరచూ వింటుంటాం. పిల్లాడి ముందే అంటారు. దయచేసి అనకండి. భయం వేసినప్పుడు ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. మెదడుకూ పేగులకూ నరాల ద్వారా నేరుగా సంబంధం ఉంది. పేగుల కదలిక మారుతుంది, చిన్న కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. ఇంటర్వ్యూ ముందు మీకు కడుపులో తిప్పినట్టు ఉంటుందే, అదే. తేడా ఏమిటంటే, మీ ఇంటర్వ్యూ గంటలో అయిపోతుంది. వాడి ఇంటర్వ్యూ వారానికి ఆరు రోజులు. వేధింపునకు గురవుతున్న పిల్లల్లో తలనొప్పి, కడుపునొప్పి, నిద్రలేమి వంటి బాధలు మిగతావారికంటే సుమారు రెండు రెట్లు ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది.

కడుపునొప్పి ఒక్కటే కాదు, ఇంట్లో మీరు గమనించగలిగే గుర్తులు ఇంకా ఉన్నాయి. బడి నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా బాత్‌రూమ్‌కు పరుగెత్తడం వాటిలో ఒకటి. బడి మరుగుదొడ్డి దగ్గర పెద్దలెవరూ ఉండరు, వేధించేవాళ్లకు అది అనువైన చోటు. అక్కడికి వెళ్లడానికి భయపడే పిల్లలు పొద్దుటి నుంచి ఆపుకుంటారు. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. వాటర్ బాటిల్ నిండుగానే తిరిగొస్తుంది. మలబద్ధకం, మూత్రంలో మంట మొదలవుతాయి. నోట్సులు చిరగడం, పెన్నులు మాయం కావడం, చొక్కా గుండీలు ఊడటం, ఇంట్లో చిల్లర కనిపించకపోవడం, రాగానే విపరీతమైన ఆకలి, బస్సు వద్దు నువ్వే దింపు నాన్నా అని బతిమాలడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఉన్నట్టుండి మార్కులు పడిపోవడం, ఫోన్ మోగితే ఉలిక్కిపడటం. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్నవే. మూడు నాలుగు కలిసి కనిపిస్తే ఆలోచించాల్సిందే.

అలాగని ప్రతి కడుపునొప్పినీ బడిమీదకు నెట్టకూడదు. నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకేచోట, ముఖ్యంగా కుడివైపు కింద వచ్చే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, మలంలో రక్తం, పచ్చని వాంతులు, ఎత్తు పెరగకపోవడం ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. ఇవేవీ లేనప్పుడు మూడు వారాలు ఒక క్యాలెండర్ మీద నొప్పి వచ్చిన రోజు, వేళ రాయండి. మరో స్కాన్‌కంటే ఆ కాగితమే ఎక్కువ చెప్పవచ్చు.

మొదటి అయిదు నిమిషాలు

పిల్లలు ఎందుకు చెప్పరు? సిగ్గు. చాడీలు చెప్పాడని ఇంకా ఎక్కువ కొడతారన్న భయం. అమ్మానాన్నలు ఫీజు కోసం పడే కష్టం చూస్తున్నారు కాబట్టి వాళ్లకు మరో బాధ ఎందుకన్న ఆలోచన. అన్నిటికీ మించి, చెప్పినా ఏమీ జరగదన్న అనుభవం. అందుకే వాళ్లు నోరు తెరిచిన ఆ మొదటి అయిదు నిమిషాల్లో మనం ఏమంటామన్నది ముఖ్యం.

సాధారణంగా మన నోట వచ్చే మాటలు నాలుగు. ‘ముందు నువ్వేం చేశావ్?’ అంటే తప్పు తనదేనేమో అనుకుంటాడు. ‘పట్టించుకోకు’ అంటే ఇక నాతో చెప్పకు అని అర్థం చేసుకుంటాడు. ‘నువ్వూ రెండు తగిలించు’ అన్నారనుకోండి, కొట్టగలిగితే వాడు మీ దాకా వచ్చేవాడే కాదు. కొట్టలేక తిరిగొస్తే ఇప్పుడు మీ ముందు కూడా ఓడిపోయినట్టే. నాలుగోది, ‘రేపే వచ్చి వాడి సంగతి తేలుస్తా’. అవతలి పిల్లాణ్ని గేటు దగ్గర మీరు బెదిరిస్తే తప్పు మీదవుతుంది. ఆ మర్నాడు క్లాసులో మీ పిల్లాడు ఒంటరివాడవుతాడు.

బదులుగా ఇలా అనండి: ‘నాకు చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పేమీ లేదు. ఏం చేద్దామో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. నీకు చెప్పకుండా నేనేమీ చేయను.’ తర్వాత వినండి. పోలీసు విచారణలా ప్రశ్నల వర్షం కురిపించవద్దు. ఎవరు, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరు చూశారు, టీచరుకు తెలుసా అన్నవి నెమ్మదిగా తెలుసుకోండి. చెప్పడానికి ఇష్టపడని పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఇంకా బిగుసుకుపోతారు. బండి మీద వెళ్తున్నప్పుడో, బఠాణీలు ఒలుస్తున్నప్పుడో అడగండి. ‘నిన్నెవరైనా కొడుతున్నారా?’ అనేదానికన్నా ‘మీ క్లాసులో ఎక్కువగా ఎవర్ని ఏడిపిస్తుంటారు?’ అన్న ప్రశ్నకు జవాబు తేలిగ్గా వస్తుంది.

‘చచ్చిపోతే బాగుండు’ అన్న మాట వినిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. కోపంలో అన్నాడులే అని వదిలేయకండి. ‘నిజంగానే అలా అనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో పురుగుమందు, మాత్రలు అందకుండా దాచండి. పిల్లాణ్ని ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నోటిమాట కాదు, కాగితం

బడికి వెళ్లి టీచరుతో ఒక మాట చెప్పి వచ్చేయడం మన అలవాటు. టీచరు మంచివారైతే పని అవుతుంది. కాకపోతే, నెల తర్వాత మళ్లీ వెళ్తే ‘మాకెవరూ చెప్పలేదండీ’ అంటారు. అందుకే మొదటిసారే రాసి ఇవ్వండి. గొడవకు దిగుతున్నట్టు అనుకోవద్దు. పెద్ద లేఖ అక్కర్లేదు, అయిదారు వాక్యాలు చాలు:

‘మా అబ్బాయి 7వ తరగతి బి సెక్షన్. ఫలానా తేదీన, ఫలానా తేదీన మధ్యాహ్న విరామంలో మరుగుదొడ్డి దగ్గర ముగ్గురు విద్యార్థులు కొట్టారు, డబ్బు తీసుకున్నారు. చూసినవారు ఉన్నారు. దీనివల్ల వాడికి కడుపునొప్పి, నిద్రలేమి ఉన్నాయి, డాక్టరు చీటీ జతచేస్తున్నాను. మా వాడి భద్రతకు ఏ ఏర్పాట్లు చేస్తారో వారంలోగా రాతపూర్వకంగా తెలియజేయండి. ఫిర్యాదు చేసినందుకు వాడిపై ఒత్తిడి రాకుండా చూడండి.’

ప్రిన్సిపల్‌కు ఇచ్చి, నకలు మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకోండి. మెయిల్‌లో కూడా పంపండి. దెబ్బలుంటే తేదీ తెలిసేలా ఫొటో తీయండి, ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించండి. ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ‘మెట్ల మీద పడ్డాడు’ అని మీరు చెబితే ఓపీ చీటీలో అదే ఉంటుంది, రేపు అదే సాక్ష్యం అవుతుంది. ఫోన్‌లో వచ్చిన వేధింపు మెసేజీలను కోపంతో చెరిపేయకండి. స్క్రీన్‌షాట్ తీశాకే బ్లాక్ చేయండి.

లేఖలో ఏం కోరాలన్నది కూడా ఆలోచించండి. ‘వాణ్ని స్కూల్లోంచి తీసేయండి’ అంటే యాజమాన్యం రక్షణలోకి వెళ్లిపోతుంది. విరామ సమయంలో ఒక టీచరు అక్కడ ఉండాలి, బెంచీ మార్చాలి, బస్సులో ఆయా పక్కన కూర్చోబెట్టాలి, వారానికోసారి ఒక టీచరు పిల్లాడితో విడిగా మాట్లాడాలి అని అడగండి. ఇవి ఇవ్వలేమని చెప్పడం కష్టం. ఒకటి మాత్రం ఒప్పుకోవద్దు. ఇద్దర్నీ ప్రిన్సిపల్ గదిలో నిలబెట్టి ‘సారీ చెప్పుకోండి, చేతులు కలపండి’ అనే రాజీ. అది సమానుల మధ్య తగవుకు పనికొస్తుంది. భయపెట్టేవాడి ముందు భయపడేవాణ్ని నిలబెడితే, గది బయటికి వచ్చాక లెక్క తేల్చుకుంటారు. ఇద్దరితోనూ విడివిడిగానే మాట్లాడాలి.

ఇవన్నీ అడగడం మీ హక్కు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలపై శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. వేధింపుల నివారణకు కమిటీలు వేయాలని సీబీఎస్ఈ తన పాఠశాలలకు 2015లోనే సూచించింది. అందులో తల్లిదండ్రుల ప్రతినిధి, కౌన్సెలర్ కూడా ఉండాలని చెప్పింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలంది. వేధింపులపై గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలంది. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్లలో కనిపించేలా రాయాలంది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక ఈ మూడింటి గురించి కూడా అడగండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు, పదిమంది అడిగితే ఏర్పాటు చేస్తారు.

వారం గడిచినా జవాబు రాకపోతే యాజమాన్యానికి, ఆపైన మండల, జిల్లా విద్యాధికారులకు, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు రాయవచ్చు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు పిల్లలే స్వయంగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు మీ పిల్లలకు కంఠతా వచ్చేలా నేర్పండి. ఇక బట్టలు విప్పించడం, తాకకూడని చోట తాకడం, అలాంటి ఫొటోలు తీయడం జరిగితే అది స్కూలు లోపల సర్దుకునే విషయం కాదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. తెలిసీ దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

హాస్టల్‌లో ఉంటే

మన రెండు రాష్ట్రాల్లో ఆరో తరగతి నుంచే పిల్లల్ని రెసిడెన్షియల్ క్యాంపస్‌లకు పంపే ఇళ్లు ఎన్నో. అక్కడ పిల్లాడికి ఇంటికొచ్చి ఊపిరి తీసుకునే సాయంత్రం ఉండదు. ఫోన్ చేసేది వార్డెన్ ముందు, వెనక వరుసలో మరో పదిమంది ఉండగా. ‘బాగున్నావా?’ అంటే ‘బాగున్నా’ అనక ఏమంటాడు? అందుకే పంపే ముందే ఒక గుర్తు మాట అనుకోండి. ‘అమ్మా, ఈసారి ఉసిరికాయ పచ్చడి పంపించు’ అంటే ‘నాతో విడిగా మాట్లాడు, వెంటనే రా’ అని అర్థం. ఆ మాట వినిపిస్తే ఆ వారమే వెళ్లండి. వెళ్లినప్పుడు క్యాంపస్ గేటు బయటికి తీసుకొచ్చి మాట్లాడండి. ‘లక్షలు కట్టాం, సర్దుకో’ అనే మాట మాత్రం ఆ రోజు వద్దు.

ఫిర్యాదు మీ పిల్లాడి మీదే వస్తే

ఇంతవరకు చదువుతూ మీరు మీ పిల్లాణ్ని బాధితుడిగానే ఊహించుకుని ఉంటారు. కానీ ఏడిపించేవాళ్లు కూడా ఏదో ఒక ఇంటి పిల్లలే. ‘మా వాడు అలాంటివాడు కాదు’ అని ఫోన్ పెట్టేయకముందు పూర్తిగా వినండి. బెల్టు తీయవద్దు. బలమున్నవాడు బలంలేనివాణ్ని కొట్టవచ్చన్న పాఠమే దానివల్ల మళ్లీ నేర్చుకుంటాడు. ఏం చేశాడో వాడి నోటే చెప్పించండి. తీసుకున్న డబ్బు తిరిగి ఇప్పించండి, పెట్టిన ఫొటో తీయించండి, కొన్నాళ్లు ఫోన్ ఆపండి. వాడూ ఎక్కడో దెబ్బలు తింటున్నాడేమో చూడండి. వాచ్‌మన్‌తో, పనిమనిషితో, నల్లగా ఉన్న మేనకోడలితో ఇంట్లో పెద్దలు ఎలా మాట్లాడుతున్నారో కూడా ఒకసారి గమనించుకోండి. పిల్లలు పేర్లు పెట్టడం ఎక్కువగా నేర్చుకునేది అక్కడే.

మిగిలింది చూస్తూ నిలబడేవాళ్లు. తరగతిలో ఎక్కువమంది వాళ్లే. కెనడా పాఠశాలల ఆటస్థలాల్లో తీసిన వీడియోలను పరిశీలించిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. తోటి పిల్లాడు ఎవరైనా అడ్డుపడినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో వేధింపు పది సెకన్లలోపే ఆగిపోయింది. ఫిన్లాండ్ ‘కివా’ పేరుతో అమలుచేస్తున్న కార్యక్రమం కూడా చూసేవాళ్ల మీదే దృష్టి పెడుతుంది. మీ పిల్లలు పోట్లాడాల్సిన పనిలేదు. నవ్వకుండా ఉండటం, ‘పదరా, క్యాంటీన్‌కు వెళ్దాం’ అని ఆ పిల్లాణ్ని పక్కకు తీసుకెళ్లడం, ఒంటరిగా తింటున్న పిల్ల పక్కన బాక్సు తెరవడం, టీచరుకు చెప్పడం చాలు. చాడీకీ సాయానికీ తేడా నేర్పండి. ఒకణ్ని ఇరికించడానికి చెప్పేది చాడీ, ఒకణ్ని కాపాడటానికి చెప్పేది సాయం.

మార్కులు, ర్యాంకులు, హోంవర్క్ గురించి మనం రోజూ అడుగుతాం. ఈ రాత్రి అన్నం దగ్గర ఒక ప్రశ్న మార్చి అడగండి: ‘ఇవాళ మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?’ జవాబు వెంటనే వస్తే సంతోషం. తల దించుకుంటే తొందరపెట్టకండి, రేపు మళ్లీ అడగండి. ఏదో ఒక రోజు చెబుతాడు. ఆ రోజు టీవీ ఆపి, ఫోన్ పక్కన పెట్టి వినడానికి మీరు సిద్ధంగా ఉండండి.